సీసాలో పాముపిల్ల

మా ఇల్లు చంద్రపూర్‌లోని తుకుంలో. తాడోబా అడవికి పోయే రోడ్డు మా పేట మీదుగానే వెళ్తుంది. వానాకాలంలో ఎవరింట్లోనో పాము దూరిందంటే మాకు పెద్ద వింత కాదు. కానీ పోయిన సెలవుల్లో ఎనిమిదో తరగతి చదివే మా తమ్ముడు, చెప్పుల స్టాండు వెనక కనిపించిన జానెడు పాముపిల్లను చీపురుతో నెట్టి హార్లిక్స్ సీసాలోకి ఎక్కించాడు. మూతకి చిల్లులు కూడా పెట్టాడు. "అక్కా, దీన్ని పెంచుకుందామే" అని మొదలుపెట్టాడు.

గోధుమరంగు ఒళ్ళు, తెల్లటి అడ్డపట్టీలు. అందరం సీసా చుట్టూ చేరాం. అదేమో తల ఎత్తి గాజుకేసి కొట్టుకుంటూనే ఉంది. అమ్మ గిన్నెలో పాలు తెచ్చింది. తమ్ముడు "భయపడకురా" అంటూ సీసా మీద వేలితో టకటకలాడించాడు. మేం బుజ్జగించినకొద్దీ అది ఇంకా ఎక్కువ కొట్టుకుంది.

నాన్న సర్పమిత్రకు ఫోన్ చేశాడు. పాముల్ని పట్టి అడవిలో వదిలేవాళ్ళని మహారాష్ట్రలో అలా అంటారు. ఆయన వచ్చి మొదట చేసిన పని, సీసా మీద నల్లగుడ్డ కప్పి మమ్మల్ని దూరం జరగమనడం. కాసేపటికి లోపల చప్పుడు ఆగిపోయింది. అప్పుడు తమ్ముడి వైపు తిరిగాడు. "ఇది కవడ్యా, విషం లేదు. మణ్యార్ పిల్ల కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది. నువ్వు తెలిసే పట్టావా?" మణ్యార్ అంటే మన కట్లపాము. అది కరిస్తే ఒక్కోసారి నొప్పి కూడా తెలీదు, నిద్రలోనే ఊపిరి అందకుండా పోతుంది. తమ్ముడి మొహం చూడాలి అప్పుడు!

గుడ్డ ఎందుకు పనిచేసిందని అడిగాను. పాముపిల్లని గద్ద, ముంగిస, పిల్లి ఏదైనా తినేస్తుంది. దానికున్న ధైర్యమల్లా ఎవరికీ కనబడకుండా ఇరుకులో దాక్కోవడమే. గాజుసీసాలో ఆ దారి లేదు, నాలుగువైపులా మొహాలే. పాముకి బయటి చెవి లేకపోయినా నేల అదురు దవడ ఎముకల్లోంచి లోపలి చెవికి చేరుతుంది. అంటే తమ్ముడి బుజ్జగింపు దాని తలలో డప్పు కొట్టినట్టే. పాలు అసలు దాని తిండే కాదు. (ఈ మాట అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.)

అమెరికాలో ఉండే మా పిన్ని కొడుకు బాల్ పైథాన్ పిల్లని పెంచుతున్నాడు. ఆఫ్రికా కొండచిలువ అది, భయపడితే బంతిలా చుట్టుకుపోతుంది. వాడికి ఫోన్‌లో ఇదంతా చెబితే తనూ మొదట్లో అదే తప్పు చేశానన్నాడు. పెద్ద గాజుపెట్టె కొని మధ్యలో వదిలితే అది వారాల తరబడి తిండే ముట్టలేదట. తర్వాత చిన్న పెట్టెలోకి మార్చి, 32 డిగ్రీల వెచ్చని వైపు ఒకటి, 26 డిగ్రీల చల్లని వైపు ఒకటి, రెండు గూళ్ళు పెట్టాడు. గూడు ఎంత ఇరుకంటే పాము ఒళ్ళు రెండు గోడలకీ తగలాలి. ఒక్కటే గూడుంటే, దాక్కోవాలా వెచ్చగా ఉండాలా అని అది తేల్చుకోవాల్సి వస్తుంది. వారం రోజులు చేత్తో తాకలేదు. తిన్నాక రెండు రోజులు అసలు ఎత్తకూడదు, కక్కేస్తుంది. ఎత్తినా పైనుంచి కాదు, గద్ద వచ్చేది పైనుంచే కదా, పక్కనుంచి మెల్లగా చెయ్యి పెట్టాలి. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలిపోయి సరిగా కనబడవు, ఆ రోజుల్లో దాని జోలికే పోడు. ఇప్పుడు వాడి చేతిమీద పాకుతుందట. "ప్రేమేం కాదే, నేను చెట్టుకొమ్మ లాంటివాణ్ణని నమ్మింది, అంతే" అన్నాడు.

ఇది విని తమ్ముడికి మళ్ళీ ఆశ పుట్టింది. కానీ మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులు ఉన్నవాళ్ళు కూడా 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. మీ ఇంట్లోకో మన హాస్టల్లోకో పాము వస్తే చీపురు తీయకండి, గుంపుగా చేరకండి. గది ఖాళీ చేసి, ఒక్కరు మాత్రం దూరంగా నిలబడి ఎటు పోతోందో చూస్తూ, పాములు పట్టేవాళ్ళకో అటవీశాఖకో ఫోన్ చేయండి.

సాయంత్రం సర్పమిత్ర దాన్ని పొదల దగ్గర వదిలేటప్పుడు నేనూ తమ్ముడూ వెళ్ళాం. సీసా పక్కకి వంచి పెట్టి ఆయన వెనక్కి వచ్చేశాడు. చాలాసేపు అది కదల్లేదు. తమ్ముడు సీసా తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.