కప్ప తడి, పొటాషియం తలుపు

మన బడిలో నూతిలో కప్ప కథ చెబుతుంటే ఒక చిన్నారి అడిగింది: "కప్ప బయటికొచ్చినా తడిగానే ఎందుకుంటుంది మాష్టారూ?" జీవశాస్త్రాన్ని పదో తరగతితోనే వదిలేసిన ఇంజినీర్లం మేము. ఆ వారమంతా పుస్తకాలు తిరగేశాం.

కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది. అది ఎండకూడదు. అందుకే చర్మం నిండా జిగురు ఊరే గ్రంథులుంటాయి (విషం ఊరేవీ ఉంటాయి, అది వేరే కథ). గ్రంథి కణం నీటిని నేరుగా తోయలేదు. ముందు ఉప్పుని పంపుతుంది, నీరు దాని వెంట నడుస్తుంది.

కణం వెనక గోడలో ఒక పంపు ఉంటుంది. మూడు సోడియంలను బయటికి తోసి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. 1957లో జెన్స్ స్కౌ దీన్ని పీత నరాలలో గుర్తించారు, 1997లో నోబెల్ అందుకున్నారు. పంపుకి ఇంధనం ఏటీపీ. అన్నట్టు, 1929లో ఆ ఏటీపీని కండరాలలో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు!

కప్ప బెదిరితే అడ్రినలిన్ వస్తుంది. గ్రంథి లోపలివైపు క్లోరైడ్ తలుపులు తెరుచుకుంటాయి. క్లోరైడ్‌ది ఋణావేశం. కణం లోపలి ఋణత్వమే దాన్ని బయటికి తోస్తుంది. కానీ అది పోయేకొద్దీ ఆ ఋణత్వం తగ్గుతుంది, తోసే బలమూ తగ్గుతుంది. అప్పుడే వెనక గోడలోని పొటాషియం తలుపులు తెరుచుకోవాలి. ధనావేశమున్న పొటాషియం బయటికి పోతే లోపల మళ్ళీ ఋణత్వం నిలుస్తుంది, క్లోరైడ్ ఆగకుండా పారుతుంది. సోడియం కణాల సందుల్లోంచి దాన్ని అనుసరిస్తుంది, వెనకే నీరు.

ఈ తలుపుల్లో ఒక రకానికి రెండు తాళాలు: కణంలో కాల్షియం పెరగడం, ఋణత్వం తగ్గడం. అంటే అవసరం ముదిరినప్పుడే తెరుచుకుంటాయి. మేము రాసే ప్రోగ్రాములు ఇంత బుద్ధిగా పనిచేస్తే ఎంత బాగుండును!

మన చెమట గ్రంథులదీ ఇంచుమించు ఇదే పద్ధతి. మీట నొక్కేది మాత్రం ముఖ్యంగా అసిటైల్‌కోలిన్. చెమటతో నీరే కాదు, ఉప్పూ పోతుంది. ఖతార్‌లో 2021 నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు, పగలు 10 నుంచి 3:30 దాకా ఎండలో పని చేయించకూడదు. మిగతా వేళల్లో పనిచేసే మన ఊళ్ళవాళ్ళు మీ వీధిలో కనిపిస్తే, నీళ్ళ సీసాతో పాటు ఉప్పేసిన మజ్జిగ కూడా ఇవ్వండి.

తరువాతి శుక్రవారం ఇదంతా చెప్పాం. "మరి కప్పకి దాహం వేస్తే?" అంది ఆ చిన్నారి. నోటితో తాగదమ్మా, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది.