చిన్న గదిలో హోమ్ థియేటర్ ధ్వని పరికరాల ఎంపిక

హోమ్ థియేటర్ అనగా చలనచిత్రాలను ఇంటిలోనే, సినిమాహాలులో వలె చుట్టూ వ్యాపించే ధ్వనితో చూసేందుకు అమర్చుకొనే పరికరాల సముదాయం. ఇందులో తెర లేదా టీవీ, ధ్వనిని విడదీసి బలపరచే రిసీవర్, స్పీకర్లు, మంద్రధ్వనులను పలికించే సబ్‌వూఫర్ ముఖ్యమైనవి. సుమారు 10 నుండి 14 అడుగుల కొలతలు గల గదిని ఈ వ్యాసంలో చిన్న గదిగా పరిగణించడమైనది. ఇటువంటి గదిలో వినిపించే ధ్వని పరికరం ధరపై కంటే గది ఆకారంపైన, గోడల స్వభావంపైన, స్పీకర్లు ఉంచిన స్థానంపైన ఎక్కువగా ఆధారపడుతుంది. ఈ విషయం తెలియక ఎక్కువ స్పీకర్లు, ఎక్కువ వాట్లు ఉన్న పెట్టెను కొని, ఇంటికి తెచ్చాక మాటలు అర్థం కావడం లేదని నిరాశపడేవారు అనేకులు.

చరిత్ర

తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో విడుదలైంది. ఆ కాలపు చిత్రాలలో మాట, పాట, వాద్యం అన్నీ ఒకే ధ్వనిమార్గంలో వచ్చేవి. 1940లో అమెరికాలో వచ్చిన "ఫాంటాసియా" చిత్రానికి తొలిసారిగా బహుమార్గ ధ్వనిని వాడారు. 1992లో "బ్యాట్‌మన్ రిటర్న్స్"తో డాల్బీ డిజిటల్, 1993లో "జురాసిక్ పార్క్"తో డీటీఎస్ పద్ధతులు సినిమాహాళ్ళకు వచ్చాయి. 2012లో "బ్రేవ్" చిత్రంతో డాల్బీ అట్మాస్ మొదలైంది. ఇందులో ధ్వని పైకప్పు నుండి కూడా వినిపిస్తుంది. 2022 నాటి "ఆర్ఆర్ఆర్" వంటి తెలుగు చిత్రాలు ఈ పద్ధతిలో విడుదలయ్యాయి.

5.1 అనే సంకేతంలో 5 అనగా ముందు మూడు, పక్కల రెండు స్పీకర్లు. 1 అనగా మంద్రధ్వనులకు ప్రత్యేకించిన మార్గం. 5.1.2లో చివరి 2 పైనుండి వచ్చే ధ్వనికి ఉద్దేశించినవి.

గది ప్రభావం

శ్రీ సత్యసాయి జిల్లాలోని తనకల్లు, కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాలలో పాతకాలపు ఇండ్లు రాతి గోడలు, దూలాలు, దంతెలు గల మట్టి మిద్దెలు. ఇప్పటి ఇండ్లకు సిమెంటు పూసిన గోడలు, కాంక్రీటు కప్పు, టైల్సు లేదా బండపరుపు నేల ఉంటున్నాయి. ఈ గట్టి తలాలు ధ్వనిని దాదాపు పూర్తిగా పరావర్తనం చేస్తాయి. స్పీకరు నుండి వచ్చిన మాట గోడలకు తగిలి మరల మరల చెవిని చేరుతుంది. దీనినే ప్రతినాదం అంటారు. ఒక అక్షరం ప్రతినాదం తగ్గకముందే తరువాతి అక్షరం రావడం వలన సంభాషణ అలుక్కుపోయినట్లు వినిపిస్తుంది. వినికిడి తగ్గిన వృద్ధులు దీనివల్ల ఎక్కువగా ఇబ్బంది పడతారు.

ప్రతినాదాన్ని లెక్కించే పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త వాలెస్ క్లెమెంట్ సాబిన్ కనుగొన్నాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక ఉపన్యాసశాలలో మాటలు అర్థం కాకపోవడంతో 1895లో ఆయనకు ఆ సమస్యను అప్పగించారు. పక్కనున్న నాటకశాల నుండి మెత్తలను తెచ్చి, రాత్రివేళ వాటిని ఆ గదిలో పేర్చి, ధ్వని అణగిపోవడానికి పట్టే కాలాన్ని కొలిచాడు. ఆయన సూత్రం ప్రకారం గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, మొత్తం శోషణతో భాగిస్తే ప్రతినాద కాలం సెకన్లలో వస్తుంది.

ఉదాహరణకు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిని తీసుకొందాం. దీని ఘనపరిమాణం సుమారు 34 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు మొత్తం వైశాల్యం సుమారు 63 చదరపు మీటర్లు. గట్టి తలాలు ధ్వనిలో 3 శాతం మాత్రమే పీల్చుకుంటాయని భావిస్తే, ఖాళీ గదిలో ప్రతినాద కాలం సుమారు 2.9 సెకన్లు. పరుపు, మడతలతో వేలాడే మందపాటి తెరలు, నేలపై జంపఖానా, మనుషులు కలిసి మరో 12 చదరపు మీటర్ల శోషణను చేకూర్చితే అది 0.4 సెకన్లకు తగ్గుతుంది. చిన్న గదికి ఇది అనుకూలమైన విలువ. పరికరం మార్చకుండానే ఇంత తేడా వస్తుంది.

ఈ ప్రాంతపు గొర్రెల కాపరులు వాడే ఉన్ని గొంగళి కూడా తారస్థాయి ధ్వనులను బాగా పీల్చుకుంటుంది. గోడకు అతికించే గుడ్ల అట్టలు, థర్మోకోల్ పలకలు చాలా తక్కువ మేలు చేస్తాయి. పైగా వీటికి నిప్పు సులభంగా అంటుకుంటుంది.

మంద్రధ్వనుల సమస్య

మంద్రధ్వనులకు గుడ్డలు అడ్డుకావు. ఎదురెదురు గోడల మధ్య వీటివల్ల స్థిర తరంగాలు ఏర్పడతాయి. ధ్వనివేగం సెకనుకు సుమారు 344 మీటర్లు. పై గదిలో పొడవు వలన 47 హెర్ట్జ్, వెడల్పు వలన 56 హెర్ట్జ్ వద్ద అనునాదం కలుగుతుంది. ఎత్తు కూడా 10 అడుగులే కనుక 56 హెర్ట్జ్ వద్ద రెండు అనునాదాలు ఒకటిగా కలుస్తాయి. డప్పు మోత గదిలో ఒకచోట గుబగుబమని, మరొకచోట అసలు లేనట్లు వినిపించడానికి ఇదే కారణం.

* కూర్చునే చోటు వెనుక గోడకు ఆనుకొని గాని, సరిగ్గా గది మధ్యలో గాని ఉండకూడదు.
* సబ్‌వూఫర్‌ను తాత్కాలికంగా కూర్చునే చోట ఉంచి, మంద్రస్వరాలున్న పాటను వినిపిస్తూ గోడల వెంబడి వంగి నడవాలి. ధ్వని ఎక్కడ సమంగా వినిపిస్తే సబ్‌వూఫర్‌ను అక్కడ ఉంచాలి.
* మూల మంద్రధ్వనిని పెంచుతుంది కనుక చిన్న గదికి చిన్న సబ్‌వూఫర్ సాధారణంగా సరిపోతుంది.

ఎన్ని స్పీకర్లు

చిత్రంలోని సంభాషణ చాలావరకు మధ్య స్పీకరు నుండి వస్తుంది. అందుచేత అదే ధరకు దొరికే నాసిరకం 5.1 కంటే, ముందు మూడు మంచి స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ గల 3.1 మేలు. ఒకరిద్దరు మాత్రమే చూసేటప్పుడు రెండు నాణ్యమైన స్పీకర్లు కూడా చాలు. ఎదురుగా మధ్యన కూర్చుంటే మాట తెర నుండే వస్తున్నట్లు తోస్తుంది.

ముందరి ఎడమ, కుడి స్పీకర్లు వినేవారి ముఖానికి 30 డిగ్రీల కోణంలోను, పక్క స్పీకర్లు సుమారు 110 డిగ్రీల కోణంలోను ఉండాలి. చిన్న గదిలో పక్క స్పీకర్లు చెవి పక్కనే పడతాయి కనుక వాటిని చెవికంటే కొంచెం ఎత్తున బిగించడం మంచిది. గోడకు దగ్గరగా పెట్టవలసినప్పుడు గాలిరంధ్రం వెనుక ఉన్న స్పీకరు కంటే ముందున్నది గాని, పూర్తిగా మూసి ఉన్నది గాని ఎంచుకోవాలి.

సౌండ్‌బార్ స్థలం తక్కువ తీసుకుంటుంది. ధ్వనిని కప్పుకు కొట్టి కిందికి రప్పించే అట్మాస్ సౌండ్‌బార్‌కు చదునైన కప్పు అవసరం. దూలాలు కనిపించే మిద్దెలోను, రేకుల ఇంటిలోను అది సరిగా పనిచేయదు. టీవీకి కలిపేందుకు హెచ్‌డీఎంఐ ఆర్క్ సౌకర్యం ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. ఇది 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది.

వాట్లు, వాస్తవాలు

పెట్టెపై పెద్ద అక్షరాలతో ముద్రించే పీఎంపీఓ వాట్లకు ప్రామాణికమైన అర్థం లేదు. ఆర్ఎంఎస్ వాట్లను మాత్రమే పోల్చి చూడాలి. 1 వాటుకు 1 మీటరు దూరంలో 87 డెసిబెల్ ఇచ్చే స్పీకరు, 2 మీటర్ల దూరంలో సుమారు 81 డెసిబెల్ ఇస్తుంది. 10 వాట్లకు అది 91, 50 వాట్లకు 98, 100 వాట్లకు 101 అవుతుంది. అనగా వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. చిన్న గదికి ఒక్కో స్పీకరుకు నికరమైన 50 వాట్లు చాలు. స్పీకరు ఓమ్‌ల విలువ రిసీవర్ అనుమతించే పరిధిలో ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 80 డెసిబెల్ ధ్వనిని వారానికి 40 గంటలకు మించి వినరాదు.

విద్యుత్తు, ఇరుగుపొరుగు

విద్యుత్ వోల్టేజి హెచ్చుతగ్గులున్న చోట స్టెబిలైజర్, సరైన ఎర్తింగ్ అవసరం. ఎర్తింగ్ లోపిస్తే స్పీకర్లలో నిరంతరం గుయ్యిమనే ధ్వని రావచ్చు. చతురస్ర తరంగాన్ని ఇచ్చే చౌక ఇన్వర్టరు వల్ల కూడా ఇటువంటి ధ్వని కలుగుతుంది. సైన్ తరంగ ఇన్వర్టరు మేలైనది.

గోడలు ఉమ్మడిగా ఉన్న ఇండ్లలో మంద్రధ్వని పొరుగింటికి సులభంగా చేరుతుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పరిమితి పగలు 55, రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు 45 డెసిబెల్. అనేక రిసీవర్లలో ఉండే రాత్రి అమరిక పేలుళ్ళను తగ్గించి మాటను పెంచుతుంది. పొరుగువారి నిద్ర దృష్ట్యా కొనేముందు ఈ సౌకర్యాన్ని చూసుకోవడం అవసరం.

కొనుగోలు క్రమం

ముందుగా గదిని కొలిచి, కూర్చునే చోటు నిర్ణయించాలి. తరువాత తెరలు, జంపఖానా సమకూర్చాలి. ఆపై ముందరి స్పీకర్లు, రిసీవర్, చివరగా సబ్‌వూఫర్, పక్క స్పీకర్లు కొనవచ్చు. రిసీవర్‌లో 5.1కు వీలుంటే మిగిలిన స్పీకర్లను ఏటా ఒకటిగా చేర్చుకోవచ్చు.

విశాలమైన దుకాణంలో విన్న ధ్వని ఇంటి గదిలో అదే విధంగా ఉండదు. కనుక కొనేముందు వాపసు షరతులు తెలుసుకొని, ఇంటిలో పరీక్షించాలి. పరీక్షకు పోరాట దృశ్యం కంటే మెల్లగా మాట్లాడుకొనే దృశ్యం తగినది. వేసవిలో పంకా ఆగని ప్రాంతం కనుక పంకా తిరుగుతుండగానే వినాలి. ఇంటిలోని పెద్దలకు ఆ మాటలు ధ్వని పెంచకుండానే స్పష్టంగా వినిపిస్తే ఎంపిక సరైనదే.