బొమ్మలో హీరో ఎవరు? డబ్బు పెట్టిందెవరు?

యుద్ధం సీను వచ్చిందంటే హాల్లో ఈలలే ఈలలు! 1964లో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’లో రంగారాయుడి వేషంలో ఎన్.టి.ఆర్. తెరమీదికి రాగానే, ఎవరి పక్షాన నిలబడాలో ప్రేక్షకుడికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కెమేరా ఎవరివైపు ఉంటే మన గుండె కూడా అటువైపే!

అయితే ఈ కిటుకు సినిమావాళ్లు కనిపెట్టింది కాదు. సినిమా పుట్టకముందే చిత్రకారులు ఈ పనిలో ఆరితేరారు. అందుకు టిప్పు సుల్తాన్ బొమ్మలకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఒక బొమ్మలో ఆయన హీరో. ఇంకో బొమ్మలో ఆయనే విలన్. ఆ కథేమిటో చూద్దాం రండి!

గులాబీ వాసన చూస్తూ యుద్ధం!

మైసూరు దగ్గర శ్రీరంగపట్నంలో దరియా దౌలత్ బాగ్ అని ఒక భవనం ఉంది. 1784లో టిప్పు కట్టించుకున్న వేసవి విడిది. దాని పడమటి గోడ నిండా ఒకే యుద్ధం. 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో జరిగిన పోరాటం అది. హైదర్ అలీ, ఆయన కొడుకు టిప్పు కలిసి ఇంగ్లీషు కంపెనీ సేనని మట్టికరిపించిన రోజు.

గోడమీద చూడండి. ఏనుగులు, గుర్రాలు, ఫిరంగులు, తెగిపడ్డ తలలు! ఈ గందరగోళం మధ్య టిప్పు గుర్రంమీద తాపీగా గులాబీ వాసన చూస్తూ వస్తుంటాడు. ముఖంలో చెమట చుక్క లేదు. మన హీరోలు పదిమందిని కొట్టాక కూడా క్రాపు చెదరనట్టే! ఆయన మనుషులకు మీసాలు, గడ్డాలు. ఇంగ్లీషువాళ్ల మొహాలు మాత్రం నున్నగా, అందరివీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి.

మధ్యలో ఇంగ్లీషు సేన చతురస్రంగా నిలబడి ఉంది. లోపల మందుగుండు బండి పేలిపోతోంది. సేనాని కర్నల్ బెయిలీ గాయపడి పల్లకీలో కూర్చుని, నోట్లో వేలు పెట్టుకున్నాడు. పాపం, ఇక చేసేదేమీ లేదన్నమాట! హైదర్ వైపు పనిచేసిన ఫ్రెంచి అధికారి లాలీ దుర్భిణిలోంచి తమాషా చూస్తున్నాడు.

హైదరాబాదు నిజాంకి కూడా ఇందులో ఒక కామెడీ వేషం ఇచ్చారు. సేనతో ఆలస్యంగా వస్తుంటాడు. ఆయన దగ్గరలో ఒక అడవిపందినీ, ఒక ఆవునీ గీశారు. పందిలా దూసుకొచ్చి ఆవులా పారిపోయాడని ఎగతాళి అని చెబుతారు.

లండనులో సినిమాస్కోప్

ఇప్పుడు సీను మారుతుంది. పంతొమ్మిదేళ్లు గడిచాయి. 1799 మే 4న ఇంగ్లీషు సేన శ్రీరంగపట్నం కోట బద్దలుకొట్టింది. టిప్పు పోరాడుతూ ప్రాణం విడిచాడు. హైదరాబాదు నిజాం సేన ఈసారి ఇంగ్లీషువాళ్ల పక్కన ఉంది.

మరుసటి ఏడాదే, 1800లో, లండనులోని లైసియం భవనంలో ఒక వింత ప్రదర్శన మొదలైంది. అర్ధచంద్రాకారంలో వంగిన వందడుగుల పైచిలుకు కాన్వాసు. దానిమీద శ్రీరంగపట్నం ముట్టడి! ముందు నిలబడితే యుద్ధం మధ్యలో ఉన్నట్టే ఉంటుందట. దీన్ని పనోరమా అనేవారు. లూమియేర్ సోదరులు పారిస్‌లో డబ్బులు తీసుకుని సినిమా చూపించింది 1895లో. అంటే దానికి 95 ఏళ్ల ముందే జనం టిక్కెట్టు కొని సినిమాస్కోప్ చూశారన్నమాట!

గీసినవాడు రాబర్ట్ కెర్ పోర్టర్. నిండా పాతికేళ్లు లేవు. ఆరు వారాల్లో పూర్తిచేశాడని చెబుతారు. మన దేశం మొహం కూడా చూడలేదు! బొమ్మలో దాడి నడిపిస్తున్న జనరల్ బెయిర్డ్, చుట్టూ ఇంగ్లీషు అధికారుల ముఖాలు. ఎవరెవరో తెలుసుకోవడానికి చిన్న పుస్తకం కూడా అమ్మారు, ఒకప్పుడు మన హాళ్ల దగ్గర పాటల పుస్తకాలు అమ్మినట్టు.

ఆ కాన్వాసు ఇప్పుడు లేదు. కానీ దాన్ని చూసి వెండ్రామిని అనే చెక్కుడు పనివాడు రాగిరేకుల మీద చెక్కి అచ్చులు తీశాడు. ఆ అచ్చు బొమ్మలు ఇళ్లలో గోడలకెక్కాయి. టిక్కెట్టు కొనలేనివాడి కంటికి కూడా అదే యుద్ధం, అదే హీరో!

భార్య తీయించిన క్లైమాక్సు

ఈ బెయిర్డ్ కథలో మంచి సినిమా ఉంది సుమండీ! పొల్లిలూరులో ఓడి పట్టుబడ్డవాళ్లలో అతనూ ఒకడు. శ్రీరంగపట్నం చెరసాలలో దాదాపు నాలుగేళ్లు మగ్గాడు. అదే మనిషి 1799లో అదే కోటమీద దాడికి నాయకుడై తిరిగొచ్చాడు.

బెయిర్డ్ 1829లో పోయాక, ఆయన భార్య డేవిడ్ విల్కీ అనే పేరున్న చిత్రకారుడి చేత ఒక పెద్ద బొమ్మ వేయించింది. 1839 నాటికి పూర్తయింది. చీకటి, దివిటీల వెలుగు. పైన బెయిర్డ్ ఠీవిగా నిలబడ్డాడు. కింద టిప్పు శవం. జాగ్రత్తగా చూస్తే బెయిర్డ్ కాళ్లకింద ఒక ఇనప ఊచల కిటికీ కనబడుతుంది. ఒకప్పుడు తను మగ్గిన చెర అదే! ఫ్లాష్‌బ్యాకూ క్లైమాక్సూ ఒకే ఫ్రేములో! ఏ దర్శకుడైనా టోపీ తీయాల్సిందే. ఈయన కూడా ఇండియా రాలేదు.

అసలు తమాషా ఇంకోటుంది. దరియా దౌలత్ గోడమీద తమ ఓటమి బొమ్మ పాడైపోతే రంగులు వేయించింది ఎవరనుకున్నారు? ఇంగ్లీషువాళ్లే! ముందు ఆ భవనంలో మకాం ఉన్న వెల్లెస్లీ, తర్వాత 1850ల్లో గవర్నర్ జనరల్ డల్‌హౌసీ. గెలిచాక ఓటమి బొమ్మ కూడా ముచ్చటగానే ఉంటుంది మరి! అదే యుద్ధాన్ని కాగితంమీద గీసిన పది పలకల బొమ్మ ఒకటి 2022లో లండను వేలంలో 6 లక్షల 30 వేల పౌన్లు పలికింది.

మరి మనవాళ్లేరీ?

ఇంతవరకూ హీరోల సంగతి. ఇప్పుడు ఎక్స్‌ట్రాల సంగతి.

బెయిలీ సేన పొల్లిలూరుకి ఎక్కణ్నించి నడిచి వెళ్లిందో తెలుసా? గుంటూరు నుంచి! దారిలో కొర్తలయ్యారు పొంగి రోజుల తరబడి ఆగాల్సొచ్చింది. ఆ ఆలస్యమే కొంప ముంచింది. ఆ సేనలో ఉన్నది 3 వేలకు పైగా మనుషులు. అందులో ఎక్కువమంది మద్రాసు సేన సిపాయిలు, మన నేలమీద జీతానికి కుదిరినవాళ్లు. సిపాయిలకి ‘తిలంగాలు’ అనే పేరు ఉత్తర దేశంలో పాతుకుపోవడం ఊరికే జరగలేదు.

వాళ్లలో ఒక్కడి పేరు కూడా ఏ బొమ్మలోనూ లేదు. టిప్పు గోడమీద వాళ్లు శత్రువులు, కాబట్టి వరసలో ఒక గీత. లండను బొమ్మల్లో ఆఫీసర్ల ముఖాల వెనక ఒక మచ్చ. ఇద్దరికీ అక్కర్లేనివాళ్లు.

1990లో దూరదర్శన్‌లో ‘ది సోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్’ సీరియల్ వచ్చినప్పుడు టిప్పు మళ్లీ హీరో అయ్యాడు. సంజయ్ ఖాన్‌ని జనం గుర్తుపెట్టుకున్నారు. ఆ సీరియల్ తీస్తుండగా 1989 ఫిబ్రవరి 8న మైసూరు ప్రీమియర్ స్టూడియోలో సెట్టుకి నిప్పంటుకుని 62 మంది మరణించారు. వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

అందుకే ఈసారి యుద్ధం బొమ్మ చూసినా, యుద్ధం సినిమా చూసినా ఒక పని చేయండి. హీరోకి ఈల వేయండి, తప్పులేదు! ఆ తర్వాత ఫ్రేము అంచుకి ఒకసారి చూపు తిప్పండి. అక్కడ తుపాకీ పట్టుకుని ఒకడు నిలబడి ఉంటాడు. మొహం సరిగ్గా కనబడదు. ఆ మనిషిది గుంటూరు పక్క పల్లెటూరే అయి ఉండొచ్చు!