ఐర్లండ్ త్రివర్ణ పతాకం

ఐర్లండ్ జాతీయ పతాకాన్ని దూరం నుంచి చూసిన భారతీయునికి అది తన దేశపు పతాకమేనేమో అన్న భ్రమ కలుగవచ్చు. రంగుల పోలికయే అందుకు కారణం. అయితే భారత పతాకంలో పట్టీలు అడ్డంగా ఉండగా, ఐర్లండ్ పతాకంలో నిలువుగా ఉంటాయి. ధ్వజస్తంభం వైపు ఆకుపచ్చ, నడుమ తెలుపు, కొసన నారింజ. మధ్యలో చక్రం వంటి చిహ్నమేదీ లేదు. చెప్పవలసినదంతా ఆ తెల్లని పట్టీయే చెబుతుంది.

ఐరోపా ఖండపు పడమటి అంచున ఉన్న ఈ ద్వీపం శతాబ్దాల పాటు ఇంగ్లండు ఏలుబడిలో ఉండేది. ప్రజలలో అత్యధికులు కాథలిక్కులు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు, స్కాట్లండుల నుంచి వలస వచ్చి ఉత్తరభాగంలో స్థిరపడినవారు ప్రొటెస్టెంటులు. భూములు, పదవులు చాలావరకు ప్రొటెస్టెంటుల వశమయ్యాయి. 1690లో బోయిన్ నదీతీరాన కాథలిక్ రాజైన రెండవ జేమ్స్‌ను ఓడించిన మూడవ విలియం ఆరెంజ్ వంశీయుడు. ఆ వంశనామం ఫ్రాన్సులోని ఒక పట్టణం పేరే గాని పండు పేరు కాదు. అయినా ప్రొటెస్టెంటులు కాలక్రమాన నారింజ రంగును తమ గుర్తుగా చేసుకొన్నారు. ఆకుపచ్చ కాథలిక్ జాతీయవాదుల వర్ణమయింది.

ఈ రెండు రంగులను ఒకే వస్త్రంపై కలిపి చూపినవాడు థామస్ ఫ్రాన్సిస్ మార్ అనే యువ దేశభక్తుడు. 1845లో బంగాళాదుంప పంటకు సోకిన తెగులు వల్ల కరవు ఏర్పడి, కొద్ది సంవత్సరాలలో సుమారు 10 లక్షల మంది మరణించారు. ఆ దుర్దినాలలోనే, 1848 మార్చిలో, మార్ ఫ్రెంచి త్రివర్ణ పతాకం స్ఫూర్తితో ఈ పతాకాన్ని వాటర్‌ఫోర్డ్ పట్టణంలో ఎగురవేశాడు. తెలుపు ఉభయ వర్గాల నడుమ శాశ్వతమైన సంధికి సంకేతమని ఆయన వివరించాడు. ఆ ఏడాదే రాజద్రోహ నేరంపై ఆయనకు మరణశిక్ష పడింది. తరువాత దానిని ప్రవాసశిక్షగా మార్చి ఆయనను టాస్మేనియా దీవికి పంపారు.

ఆ పతాకం దాదాపు మరుగున పడిపోయింది. 1916 ఏప్రిల్‌లో తిరుగుబాటుదారులు డబ్లిన్ నగరంలోని ప్రధాన తపాలా కార్యాలయంపై దానిని నిలిపారు. వారంలోపే తిరుగుబాటు అణగిపోయింది. బ్రిటిషు ప్రభుత్వం మే నెలలో 15 మందిని కాల్చి చంపడంతో ప్రజల సానుభూతి తిరుగుబాటుదారుల వైపు మళ్లింది. తరువాత రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి.గిరి ఆ రోజులలో డబ్లిన్‌లోనే న్యాయశాస్త్రం చదువుతుండేవాడు. ఆ ఏడాదే ఆయన స్వదేశానికి తిరిగి వచ్చాడు.

1922లో స్వపరిపాలన లభించింది గాని, ద్వీపంలోని 32 కౌంటీలలో ఉత్తరాన ఉన్న 6 కౌంటీలు బ్రిటన్‌లోనే ఉండిపోయాయి. తెల్ల పట్టీ ఆశించిన సంధి కుదరనే లేదు. 1937లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం త్రివర్ణాన్ని జాతీయ పతాకంగా ప్రకటించింది. భారత రాజ్యాంగంలోని ఆదేశసూత్రాలకు ఆ రాజ్యాంగమే మూలం. 1938లో తొలి అధ్యక్షుడైన డగ్లస్ హైడ్ ప్రొటెస్టెంటు కావడం గమనింపదగినది. 1949లో ఐర్లండ్ గణతంత్రమయింది.

అధ్యక్షుని ప్రజలే 7 సంవత్సరాలకు ఎన్నుకొంటారు. అసలు కార్యనిర్వహణాధికారం ‘టీషక్’ అనబడే ప్రధానమంత్రిది. ఆయన దిగువసభ విశ్వాసాన్ని పొందవలసి ఉంటుంది. ఎన్నికలలో ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని తన ఇష్టక్రమాన్ని రాస్తాడు. భారత రాష్ట్రపతి ఎన్నికలోనూ ఓటు వేసే తీరు ఇదే.

ఉత్తర ఐర్లండ్‌లో 1960ల చివర నుంచి సాగిన హింసలో మూడు వేలకు పైగా ప్రాణాలు పోయాయి. 1998 ఒప్పందాన్ని ఉభయ ప్రాంతాల ప్రజలు ఓటుతో ఆమోదించారు. యావద్ద్వీపం తమదేనన్న రాజ్యాంగ నిబంధనను ఐర్లండ్ సవరించుకొన్నది. అక్కడి పాటలలో పతాకపు మూడవ రంగును బంగారు వన్నెగా వర్ణించడం కద్దు. ప్రభుత్వ మార్గదర్శకాలు దానిని అంగీకరించవు. అది నారింజగానే ఉండాలి.