వైద్య పరిశోధనకు డబ్బు: గీత ఎక్కడ పడుతుంది?

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల (ఎన్‌ఐహెచ్) ఏడాది బడ్జెట్ 4,700 కోట్ల డాలర్ల పైమాటే. వైద్య పరిశోధనకు ఇంత ప్రజాధనం ఇచ్చే సంస్థ ప్రపంచంలో మరొకటి లేదు. అందులో 80 శాతానికి పైగా బయటికే వెళ్తుంది. 2,500కు మించిన విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, పరిశోధన కేంద్రాల్లో పనిచేసే 3 లక్షల పైచిలుకు మందికి చేరుతుంది. ప్రాజెక్టుల కోసం దరఖాస్తు చేసినవారిలో మాత్రం ఇటీవలి ఏళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికే గ్రాంటు దక్కింది. ఆ ఒక్కరినీ ఎలా ఎంచుతారు?

అన్నిటికంటే ఎక్కువమంది అడిగే గ్రాంటు పేరు ఆర్01. సాధారణంగా నాలుగైదేళ్లకు ఇస్తారు. పరిశోధన ఖర్చు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లలోపు అయితే పద్దులవారీగా లెక్క చూపనక్కర్లేదు, 25 వేల డాలర్ల గుణిజాల్లో అడిగితే చాలు. అసలు ప్రణాళికను మాత్రం 12 పేజీల్లో చెప్పాలి, లక్ష్యాలకు మరో పేజీ. కొత్త దరఖాస్తులకు ఏడాదిలో మూడు గడువులు: ఫిబ్రవరి 5, జూన్ 5, అక్టోబరు 5. పంపిన రోజు నుంచి డబ్బు చేతికి రావడానికి తొమ్మిది పది నెలలు తేలిగ్గా పడుతుంది.

దరఖాస్తు చేరాక అది ఏ 'స్టడీ సెక్షన్'కు వెళ్లాలో సైంటిఫిక్ రివ్యూ కేంద్రం తేలుస్తుంది. స్టడీ సెక్షన్ అంటే అదే రంగంలో పనిచేసే ఇరవై మంది, అంతకు మించిన శాస్త్రవేత్తల బృందం. వీళ్లలో అత్యధికులు ప్రభుత్వోద్యోగులు కారు. తమ ల్యాబ్ పని పక్కన పెట్టి వచ్చి, తోటివారి దరఖాస్తులు చదువుతారు. ఒక్కో దరఖాస్తును ముగ్గురు క్షుణ్ణంగా చదివి, 1 నుంచి 9 వరకు స్కోరు వేస్తారు. ఇక్కడ 1 అత్యుత్తమం, 9 నాసిరకం. దరఖాస్తుదారుడిది తమ సంస్థే అయినా, తమతో కలిసి పనిచేసిన వాడైనా ఆ చర్చ జరిగేటప్పుడు సభ్యులు గది బయటికి వెళ్లిపోవాలి.

ముగ్గురి తొలి స్కోర్లు చూశాక, దాదాపు సగం దరఖాస్తులు చర్చకే రావు. వాటికి వ్యాఖ్యలు అందుతాయి కానీ తుది స్కోరు ఉండదు. మిగతా సగంలో ఒక్కోదానికి పావుగంట అటూ ఇటూ సమయం దొరుకుతుంది. ముగ్గురూ తమ మాట చెప్పాక, గదిలో ఉన్న సభ్యులంతా రహస్యంగా స్కోరు వేస్తారు. సగటును పదితో హెచ్చవేస్తే వచ్చేదే 'ఇంపాక్ట్ స్కోరు'. అది 10 నుంచి 90 వరకు ఉంటుంది.

ఈ లెక్క దగ్గర కాసేపు ఆగాలి. గదిలో 20 మంది ఉన్నారనుకుందాం. 14 మంది 2 వేశారు, ఆరుగురు 3 వేశారు. మొత్తం 46, సగటు 2.3, స్కోరు 23. ఇప్పుడు 2 వేసిన ఇద్దరు మనసు మార్చుకుని 3 వేస్తే స్కోరు 24 అవుతుంది. ఒకే ఒక్కరు 2 బదులు 4 వేసినా అంతే. ప్రతిపాదనలో ఒక్క అక్షరం మారలేదు, మారింది ఒకరిద్దరి అభిప్రాయం. కానీ ఆ ఒక్క పాయింటు తేడాతో దరఖాస్తు వరుసలో కిందికి జారవచ్చు.

ఎందుకంటే స్కోరును ఆ తర్వాత పర్సంటైల్‌గా మారుస్తారు. అదే బృందం ముందుకు సుమారు ఏడాది కాలంలో వచ్చిన దరఖాస్తుల మధ్య దీని స్థానం ఎంత అన్నది ఆ అంకె చెబుతుంది. జేఈఈ మెయిన్ పర్సంటైల్‌కు అలవాటుపడ్డ మనకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ 99 గొప్ప, ఇక్కడ 1 గొప్ప. పై వరుసలోని స్కోర్లు చాలావరకు దగ్గరదగ్గరగా కిక్కిరిసి ఉంటాయి కాబట్టి, ఒక్క పాయింటు తేడాతో పర్సంటైల్ రెండు మూడు మెట్లు మారిపోవచ్చు.

చాలా ఏళ్లపాటు చివరి మాట 'పేలైన్'ది. ఎన్‌ఐహెచ్‌లోని 27 సంస్థలు, కేంద్రాల్లో అనేకం తమ బడ్జెట్‌ను బట్టి ఒక గీత గీసుకునేవి. జాతీయ క్యాన్సర్ సంస్థ 2023లో 12వ పర్సంటైల్ దగ్గర గీసింది. 2024లో 10 దగ్గర. 2025లో అది ఏకంగా 4కు పడిపోయింది. 2023లో డబ్బు దొరికే ప్రతిపాదనే 2025లో తిరిగివచ్చేది. దానిలోని శాస్త్రం రెండేళ్లలో చెడిపోలేదు, కొత్త గ్రాంట్లకు మిగిలిన డబ్బు తగ్గింది. తిరిగివచ్చినదాన్ని సవరించి ఒకే ఒక్కసారి మళ్లీ పంపవచ్చు, అదీ 37 నెలల్లోపు.

ఇంతకీ స్కోర్లు నమ్మదగినవేనా? 1980 నుంచి 2008 దాకా ఇచ్చిన 1.3 లక్షలకు పైగా గ్రాంట్లను పరిశీలించి 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం, మంచి స్కోరు పొందినవాటి నుంచి ఎక్కువ ప్రభావమున్న పరిశోధనలు వచ్చాయని తేల్చింది. మరుసటి ఏడు మరో బృందం అవే వివరాలను తిరగేసి, పైభాగాన 20 పర్సంటైల్‌లోపు ఉన్నవాటిలో ఏది మెరుగో స్కోరు సరిగా చెప్పలేకపోతోందని చూపింది. 2018లో విస్కాన్సిన్ పరిశోధకులు 43 మంది రివ్యూయర్లకు 25 క్యాన్సర్ దరఖాస్తులిచ్చి, నమూనా సమావేశాలు జరిపించారు. అవన్నీ చివరికి గ్రాంటు పొందినవే. ఒకే దరఖాస్తు చదివిన ఇద్దరి స్కోర్ల మధ్య పొంతన కనబడలేదు.

నాకు అర్థమైనది ఇది: బలహీనమైన ప్రతిపాదనను పక్కన పెట్టడంలో ఈ పద్ధతి సమర్థంగా పనిచేస్తుంది. మంచిదానికీ మరో మంచిదానికీ మధ్య గీత గీయమంటే దానికి శక్తి చాలదు. తొమ్మిదో పర్సంటైల్‌కూ పదకొండో పర్సంటైల్‌కూ నడుమ ప్రతిభలో తేడా ఉందని గుండెమీద చేయి వేసుకుని చెప్పగలిగేవారు లేరు. గొప్పదాన్ని గుర్తించకుండా వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి. 1990లలో శాస్త్రవేత్త కాటలిన్ కారికో ఎంఆర్‌ఎన్‌ఏ మీద పెట్టుకున్న గ్రాంటు దరఖాస్తులు వరుసగా తిరస్కరణకు గురయ్యాయి. 2023లో ఆమెకు వైద్యంలో నోబెల్ వచ్చింది.

మంచివాటి మధ్య గీత గీయలేమన్న సంగతిని న్యూజిలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి 2013లోనే తన ఎక్స్‌ప్లోరర్ గ్రాంట్ల విషయంలో ఒప్పుకుంది. అర్హత ఉన్న ప్రతిపాదనలను నిపుణులు వడగట్టాక, వాటిలోంచి లాటరీ తీస్తూ వచ్చింది. లాటరీ అనగానే ముఖం చిట్లించేవారున్నారు. కానీ తేడా తెలియనిచోట తెలిసినట్టు దశాంశాలు లెక్కపెట్టడం కంటే అదే నిజాయితీ.

ఎన్‌ఐహెచ్ 2025 చివర్లో వేరే దారి పట్టింది. పేలైన్లు వదిలేసి, స్కోరుతోపాటు సంస్థ ప్రాధాన్యాలు, పరిశోధకుడి కెరీర్ దశ, ప్రాంతాల సమతూకం చూసి నిర్ణయించమంది. పేలైన్‌ది మొరటు గీతే. అయినా అది అందరికీ కనిపించేది. ఇకమీదట పదో స్థానంలో ఉన్నదాన్ని వదిలి ఇరవయ్యోదాన్ని ఎంచితే, ఎందుకో రాసి బయటపెట్టాలి. అది లేకపోతే ఈ మార్పు వెనకడుగే.

మన తెలుగు పిల్లలు చాలామంది పీహెచ్‌డీకో, పోస్ట్‌డాక్‌కో అమెరికా ల్యాబుల్లో చేరుతున్నారు. అక్కడ వారి జీతం చాలాసార్లు ఈ గ్రాంట్ల నుంచే వస్తుంది. చేరబోయే ల్యాబ్‌కు ఏ గ్రాంటు ఉంది, ఎంత, ఎప్పటికి ముగుస్తుంది అన్న వివరాలు ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఒప్పుకునే ముందు చూడండి.