ఇచ్చిన కిడ్నీ వయసెంత?

చిత్తూరు పల్లెల్లో "ముక్క తీసి పరీక్షకు పంపినారంట" అనే మాట వినపడితే ఇంటిల్లిపాదికీ గుండె జారుతుంది. బయాప్సీ అంటే క్యాన్సరేనని చాలామంది భయం. కిడ్నీ మార్పిడిలో తీసే ముక్క సంగతి వేరు. దాత ఇచ్చిన కిడ్నీ కొత్త ఒంట్లోకి చేరే ముందో, చేరిన వెంటనేనో దాని నుంచి సూదితో తీసే దారప్పోగంత నమూనా అది. ఈ కిడ్నీ ఎన్నాళ్లు నిలుస్తుందో దాన్ని చూసి అంచనా కడతారు.

ఈ సీమకు కిడ్నీ మార్పిడి కొత్త కాదు. చిత్తూరు వాళ్లు తెల్లారి బస్సెక్కి పోయొచ్చే వేలూరు సీఎంసీలోనే 1971లో డాక్టర్ మోహన్‌రావు, డాక్టర్ కె.వి.జానీల బృందం దేశంలో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి చేసింది. తిరుపతిలో టీటీడీ నెలకొల్పిన స్విమ్స్ 1993లో మొదలయ్యాక కిడ్నీ రోగులకు కొండ కిందే పెద్దాసుపత్రి దొరికింది.

2023 జనవరిలో తిరుపతి శ్రీ పద్మావతి హృదయాలయంలో తొలి గుండె మార్పిడి జరిగింది. విశాఖ నుంచి గుండెను విమానంలో రేణిగుంటకు తెచ్చి, అక్కడి నుంచి దారంతా ట్రాఫిక్ ఆపి చేర్చారు. గుండెకు గడువు నాలుగు గంటలే మరి. చల్లగా భద్రపరచిన కిడ్నీ అయితే దాదాపు ఒక రోజు ఆగగలదు. మైక్రోస్కోపు కింద ఒక ముక్క పెట్టి చూసుకునే వ్యవధి అందుకే దొరుకుతోంది.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ఒక్కో నెఫ్రాన్ మొదట్లో నూలు ఉండలా చుట్టుకున్న సన్నటి రక్తనాళాల ముద్ద ఉంటుంది. పేరు గ్లోమెరులస్. రక్తం వడపోత జరిగేది అక్కడే. వయసు, బీపీ, షుగర్ కలిసి వీటిని ఒక్కొక్కటిగా మచ్చకట్టిస్తాయి. పోయిన నెఫ్రాన్ మళ్లీ పుట్టదు. ఎన్ని ముద్దలు మచ్చకట్టాయి, నెఫ్రాన్ గొట్టాలు ఎంత కుంచించుకుపోయాయి, వాటి నడుమ నార ఎంత పేరుకుంది, చిన్న ధమనుల గోడలు ఎంత మందమెక్కాయి అన్నవే పెథాలజిస్టు చూసుకునే గుర్తులు.

కిడ్నీ వడపోత తీరును చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో బాగుంటే చాలదా? చాలదు. రాయలసీమ రైతుకు ఇది చెరువును చూపిస్తే ఇట్టే అర్థమవుతుంది. వానలు బాగా పడిన ఏడు కట్ట మీద నిలబడి చూస్తే పూడిక పడిన చెరువూ నిండుగానే కనిపిస్తుంది. లోపల ఎంత మట్టి చేరిందో తెలియదు. కిడ్నీ సంగతీ అంతే. అమెరికాలోని మాయో క్లినిక్ వైద్యులు బతికుండగా కిడ్నీ ఇచ్చిన 1,203 మంది దాతల బయాప్సీలను పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించారు. అందరూ పరీక్షలన్నీ నెగ్గిన ఆరోగ్యవంతులే. అయినా 18-29 ఏళ్ల వారిలో 3 శాతం లోపే కనిపించిన ముసలితనపు మచ్చలు 70-77 ఏళ్ల వారిలో 73 శాతం మందిలో తేలాయి.

ఈ మచ్చలకు మార్కులు వేయడం నేర్పినవాళ్లలో ఇటలీ వైద్యుడు జుసెప్పే రెముజ్జీ బృందం ముఖ్యమైంది. నాలుగు అంశాలకు తలా మూడు చొప్పున మొత్తం 12 మార్కులు. ఇక్కడ మార్కులు పెరిగేకొద్దీ కిడ్నీ పాతబడినట్టు. మూడు వరకు వస్తే ఒకే కిడ్నీ ఒక రోగికి సరిపోతుంది. నాలుగు నుంచి ఆరు వరకు అయితే రెండూ కలిపి ఒకరికే పెట్టాలి. ఏడు, ఆపైన అయితే వాడకూడదు. 60 ఏళ్లు దాటిన దాతల కిడ్నీలను ఇలా ఎంచి పెడితే, చిన్న వయసు దాతల కిడ్నీలకు దీటుగా నిలిచాయని 2006లో వాళ్లు చూపించారు. ముసలి కిడ్నీ అని పక్కన పెట్టేసేవాటిని నిలబెట్టిన పరీక్ష ఇది. అసలు విలువ అక్కడే ఉంది.

అమెరికాలో కథ అడ్డం తిరిగింది. అక్కడ మరణించిన దాతల కిడ్నీల్లో సుమారు ఐదో వంతు, కొన్నేళ్లలో అంతకన్నా ఎక్కువే, ఎవరికీ పెట్టకుండా పారేస్తున్నారు. అందుకు తరచూ రాసే కారణం బయాప్సీ బాగాలేదని. ఫ్రాన్స్, బెల్జియం కేంద్రాల్లో ఆ ముక్కను చూసి కిడ్నీని తిరస్కరించే అలవాటు లేదు. అమెరికా పారేసినలాంటి కిడ్నీలే అక్కడ రోగుల్లో ఏళ్లకేళ్లు పనిచేశాయని 2021లో వచ్చిన ఒక పోలిక తేల్చింది. డయాలసిస్ మంచం మీద వారానికి మూడుసార్లు గడిపే మనిషికి ఆ పారేసిన కిడ్నీ ఎంతటిదో వేరే చెప్పాలా?

పొరపాటు ముక్కది కాదు, దాన్ని తీసే, చదివే తీరుది. కనీసం 25 గ్లోమెరులస్‌లు ఉంటే తప్ప నమూనా నమ్మదగింది కాదంటారు. సూదితో కాకుండా కిడ్నీ అంచు నుంచి చెక్కినట్టు తీస్తే పైపొర కిందే మచ్చలు ఎక్కువ కాబట్టి ఉన్నదానికన్నా అధ్వానంగా కనిపిస్తుంది. పైగా గడియారం తిరుగుతుంటుంది కదా, ముక్కను గడ్డకట్టించి హడావిడిగా కోసి చూస్తారు. ఆ చలికి కణజాలం ఆకారం చెదురుతుంది. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న పెథాలజిస్టు కిడ్నీలే చూసే నిపుణుడు కాకపోతే, మర్నాడు మైనంలో నిలవచేసిన ముక్కను చూసిన నిపుణుడి లెక్కకూ ఆయన లెక్కకూ పొంతన కుదరకపోవచ్చు. అందుకే దాత వయసు, బీపీ, క్రియాటినిన్‌లతో కలిపి చూడాలే గాని ఆ ఒక్క అంకెతో కిడ్నీ తలరాత రాసేయడం అన్యాయం.

మన దేశంలో ఎక్కువ కిడ్నీలు బతికున్న బంధువుల నుంచే వస్తాయి. ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. కొడుక్కి కిడ్నీ ఇవ్వడానికి సిద్ధమైన యాభై అయిదేళ్ల అమ్మకు ముందే పరీక్షలన్నీ చేస్తారు కాబట్టి, పెట్టాలా వద్దా అని తేల్చడానికి ముక్కతో అంత పని ఉండదు. ఆపరేషన్ రోజు తీసిన ముక్క అసలు అక్కరకొచ్చేది తర్వాతే. అప్పుడు పాత ముక్కనూ కొత్త ముక్కనూ పోల్చాలంటే చదివే భాష ఒకటే కావాలి. కిడ్నీ బయాప్సీలను ప్రపంచమంతా ఒకే భాషలో చదవడానికి 1991లో కెనడాలోని బాన్ఫ్‌లో పెథాలజిస్టులు కూర్చుని ఒక పద్ధతికి పునాది వేశారు. మార్పిడి కేంద్రాలు నేటికీ దాన్నే అనుసరిస్తున్నాయి.

అయిదేళ్ల తర్వాత ఆ కొడుక్కి క్రియాటినిన్ పెరిగిందనుకోండి. కొత్తగా తీసిన ముక్కలో మచ్చలు కనిపిస్తాయి. అవి అమ్మ కిడ్నీతోనే వచ్చాయా? ఒళ్లు దాన్ని పరాయిదని తిప్పికొట్టడం వల్లా? అలా తిప్పికొట్టకుండా రోజూ వేసుకునే టాక్రోలిమస్ మాత్రల వల్లా? మందు పెంచాలా, తగ్గించాలా అన్నది ఈ జవాబు మీదే ఆధారపడుతుంది. అప్పుడు డాక్టరు, ఆపరేషన్ రోజున మైనం దిమ్మెలో దాచిన పాత ముక్క తాలూకు గాజు పలకను పెథాలజీ అరలోంచి తెప్పించుకుని, కొత్తదాని పక్కన పెట్టి చూస్తారు.