వయొలిన్ రూపపు గిటారు



ఈ వాద్యమును మొదట చూచినపుడు నేను పెద్ద వయొలిన్ అనియే భ్రమపడితిని. అది మంద్రస్వరములు పలుకు నాలుగు తంతుల విద్యుత్ గిటారు; దానిని బేస్ గిటారు అందురు.

ఆ యాకృతికి కారణము దానిని చేసినవారి కులవృత్తియే. బొహీమియాలోని షోన్‌బాఖ్ వయొలిన్లు చేయువారి యూరు. కార్ల్ హోఫ్నర్ 1887లో అచట కర్మశాల నెలకొల్పెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము చెకోస్లొవేకియా ప్రభుత్వము అచటి జర్మనులను వెడలగొట్టెను. ఇండ్లును కర్మశాలలును విడిచి, పెక్కుమంది పనివారు బవేరియాలోని బుబెన్‌రాయిత్ గ్రామమున స్థిరపడిరి. చేతివిద్య వారి వెంట వచ్చెను.

కార్ల్ కుమారుడు వాల్టర్ 1955లో ఈ వాద్యమును రూపొందించెను. వయొలిన్ వలె బోలుగర్భ మగుటచే ఇది మిక్కిలి తేలిక. నిలువెత్తు డబుల్ బేసును మోయు శ్రమ దీనితో తప్పినది. తంతుల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు సన్నని రాగితీగయు నుండును. ఉక్కుతంతి కదలగా ఆ తీగలో స్వల్ప విద్యుత్తు పుట్టును. వేరొక యంత్రము దానిని పెంచి ధ్వనిగా మార్చును.

1961లో ఆంగ్ల గాయకుడు పాల్ మెకార్ట్‌నీ హాంబర్గు నగరమున దీనిని కొనెను. ఎడమచేతివాటము గల యాతనికి, ఇరుప్రక్కల సమానమగు రూపము నచ్చెను. పిదప లోకమంతయు దాని నెరిగెను.

నేల పోయినను విద్య నిలిచినది. చేతిపనిని బిడ్డలకు నేర్పిన పెద్దలకు ఈ మాట విశదమే.